ఆదాయం ఎంత, వ్యయం ఎంత: ఫుట్‌బాల్ క్లబ్బుల లెక్కల పుస్తకం

గేమ్‌లో కెరీర్ మోడ్ ఆడేవాళ్ళకి ఈ లెక్క బాగా అలవాటు. బడ్జెట్ 100 మిలియన్లు. 80 పెట్టి ఒక స్ట్రైకర్‌ని కొన్నాం, 20 మిగిలింది. సంతలో గేదెని కొన్నట్టే. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాం, పలుపు పట్టుకుని ఇంటికి తోలుకొచ్చాం, అయిపోయింది.

నిజం క్లబ్బుల్లో ఇలా జరగదు. అందుకే హాస్టల్లో మ్యాచ్ చూస్తున్నప్పుడల్లా రెండు ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. చెల్సీకి అన్నన్ని డబ్బులు ఎలా సరిపోతున్నాయి? వాళ్ళకి ఏమీ కాకుండా ఎవర్టన్‌కి, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి మాత్రం పాయింట్లు ఎందుకు కోశారు? మనవాళ్ళు చెప్పే జవాబు ఒకటే: "అంతా డబ్బున్నోడి రాజ్యం రా." కొంత నిజమే కావచ్చు. కానీ అసలు జవాబు అకౌంట్స్ పుస్తకంలో ఉంది. మన కాలేజీలో బీకాం లేదు కాబట్టి కాస్త ధైర్యంగానే రాస్తున్నాను.

ముందు ఒక చిన్న మాట. ఇక్కడ మిలియన్ అంటే పది లక్షలు. పౌండు వంద రూపాయల పైమాటే కాబట్టి, ఒక మిలియన్ పౌండ్లంటే మన లెక్కలో పది కోట్లు దాటుతుంది. ఆటగాళ్ళ ధరలన్నీ పత్రికల్లో వచ్చినవే. క్లబ్బులు తమంతట తాము ధర చెప్పడం తక్కువ.

ప్రతి క్లబ్బుకీ రెండు పుస్తకాలు ఉంటాయనుకోండి. ఒకటి గల్లాపెట్టె పుస్తకం: ఏ రోజు ఎంత డబ్బు వచ్చింది, ఎంత పోయింది. రెండోది లాభనష్టాల పుస్తకం: ఈ ఏడాది ఖాతాలో ఎంత ఖర్చు రాయాలి, ఎంత ఆదాయం రాయాలి. ఒకే ఆటగాడు ఈ రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా కనిపిస్తాడు. ఇది పట్టుబడితే మిగతాదంతా కూడికలు, తీసివేతలే.

2023 జనవరి 31న చెల్సీ బెన్ఫికా దగ్గర్నుంచి ఎంజో ఫెర్నాండెజ్‌ని కొంది. ధర 106.8 మిలియన్ పౌండ్లు, అప్పటికి బ్రిటన్‌లో అదే రికార్డు. కాంట్రాక్టు ఎనిమిదిన్నరేళ్ళు. లాభనష్టాల పుస్తకంలో చెల్సీ ఆ ఏడాది 106.8 ఖర్చు రాయదు. ఆటగాడు ఇన్నేళ్ళు మా దగ్గర ఉంటాడు కాబట్టి ధరని ఇన్నేళ్ళకీ పంచుతాం అంటుంది. 106.8ని 8.5తో భాగిస్తే ఏడాదికి దాదాపు 12.6 మిలియన్లు. దీన్నే అమార్టైజేషన్ అంటారు. ఇందులో మోసమేమీ లేదు. ఆటో కొన్నవాడు మొదటి నెల్లోనే "మూడు లక్షలు నష్టపోయాను" అనుకోడు కదా, ఆటో నడిచినన్నాళ్ళూ ఆ ఖర్చుని పంచుకుంటాడు. అదే ఇది.

కానీ అమ్మేవాడి పుస్తకంలో అలా పంచడం ఉండదు. అమ్మకం మీద వచ్చిన లాభమంతా అమ్మిన ఏడాదే రాసుకోవచ్చు. కొన్నవాడికి ఖర్చు కొసరి కొసరి, అమ్మినవాడికి లాభం ఒక్క ముద్దలో. ఈ ఒక్క తేడా మీదే ఇవాళ్టి ట్రాన్స్‌ఫర్ మార్కెట్ సగం నడుస్తోంది.

ఒక ఊహా ఆటగాడితో చూద్దాం. 50 మిలియన్లకి కొన్నాం, ఐదేళ్ళ కాంట్రాక్టు, ఏడాదికి పది చొప్పున ఖర్చు. మూడేళ్ళయ్యేసరికి 30 రాసేశాం, పుస్తకంలో అతని విలువ ఇంకా 20 ఉంది. ఇప్పుడు 35కి అమ్మితే, కొన్నదానికంటే 15 తక్కువకి అమ్మినా, పుస్తకంలో 15 లాభం! అదే 12కి అమ్మితే 8 నష్టం, అదీ అప్పటికప్పుడే. ఆడకుండా బెంచీ మీద కూర్చునే ఖరీదైన ఆటగాణ్ణి క్లబ్బు ఎందుకు వదిలించుకోదు అని మనం తిట్టుకుంటాం కదా, చాలాసార్లు కారణం ఇదే. అమ్మడానికి ధర రాక కాదు, వచ్చే ధర పుస్తకం విలువకంటే తక్కువ కావడం వల్ల. ఇంకో కిటుకు: ఆ మిగిలిన 20 ఉండగా అతనితో కొత్తగా నాలుగేళ్ళకి కాంట్రాక్టు రాయిస్తే, ఏడాది ఖర్చు పది నుంచి ఐదుకి దిగుతుంది. జీతం పెరగచ్చు, అది వేరే పద్దు.

ఎనిమిదిన్నరేళ్ళ కాంట్రాక్టులు చూసి యూరప్ సంఘం యుయెఫా మేలుకుంది. కాంట్రాక్టు ఎంత పొడుగ్గానైనా రాసుకోండి, ధరని మాత్రం ఐదేళ్ళకి మించి పంచడానికి లేదు అని 2023 వేసవి నుంచి రూలు పెట్టింది. ఆ డిసెంబరులో ప్రీమియర్ లీగ్ క్లబ్బులూ అదే ఒప్పుకున్నాయి. పాత కాంట్రాక్టులకి ఇది వర్తించదు. ఎంజో ఆరు నెలలు ఆలస్యంగా వచ్చి ఉంటే, యుయెఫా లెక్కలో ఏడాదికి 12.6 కాదు, 21.4 పడేది.

ఇక గల్లాపెట్టె. ఇక్కడ జరిగేది మన ఫోన్ ఈఎంఐ లాంటిదే. పెద్ద ధరలు చాలావరకు రెండు, మూడు, నాలుగు వాయిదాల్లో కడతారు. మిఖైలో ముద్రిక్‌ని చెల్సీ కొన్నప్పుడు షాఖ్తార్ చెప్పిన ధర 70 మిలియన్ యూరోలు, పైన 30 మిలియన్ల బోనస్. ఆ 30 ఖాయం కాదు. ఇన్ని మ్యాచ్‌లు ఆడితే, ఫలానా కప్పు గెలిస్తే అంటూ ఇలాంటి బోనస్‌లకి షరతులుంటాయి. పేపర్లో మాత్రం "వంద మిలియన్ల ఆటగాడు" అని హెడ్డింగ్ పడుతుంది.

అమ్మిన చిన్న క్లబ్బుకి ఈ నెల జీతాలకే డబ్బు కావాలి, వాయిదాలేమో మూడేళ్ళకి ఉన్నాయి. అప్పుడు రాబోయే వాయిదాలని ఒక బ్యాంకుకి అప్పగించి, కొంత తగ్గించుకుని ఇప్పుడే నగదు తీసుకుంటారు. పంట చేతికి రాకముందే ధాన్యం మీద షావుకారు దగ్గర డబ్బు తెచ్చుకున్నట్టు. ఆ తగ్గింపే షావుకారు వడ్డీ.

పైగా వచ్చిందంతా అమ్మినవాడిదే కాదు. ఎంజో మీద అతని పాత క్లబ్బు రివర్ ప్లేట్‌కి 25 శాతం వాటా ఉంది, అర్జెంటీనాకి ఆ భాగం పోవాల్సిందే. ఇది కాక ఫిఫా రూలు ఒకటుంది, నాకు ఈ వ్యవహారం మొత్తంలో బాగా నచ్చింది ఇదే. కాంట్రాక్టు నడుస్తుండగా ఆటగాడు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారితే, ధరలో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ళ మధ్య తర్ఫీదు ఇచ్చిన క్లబ్బులన్నిటికీ పంచాలి. 12 నుంచి 15 వరకు ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి 23 వరకు ఏడాదికి 0.5 శాతం. నాలుగు పావులు ఒకటి, ఎనిమిది అరలు నాలుగు, మొత్తం ఐదు. అంటే పన్నెండేళ్ళ పిల్లాడికి రెండేళ్ళు బూట్లిచ్చి బంతి తన్నడం నేర్పిన ఊరి క్లబ్బుకి, ఆ పిల్లాడు వంద మిలియన్లకి అమ్ముడైన రోజున అర మిలియన్ వస్తుంది. చాలా క్లబ్బులకి తమకి డబ్బు రావాలన్న సంగతే తెలిసేది కాదు. అందుకే 2022 నవంబరు నుంచి ఫిఫా పారిస్‌లో ఒక క్లియరింగ్ హౌస్ పెట్టి తనే లెక్కగట్టి పంచుతోంది.

సరే, ఖర్చుకి హద్దు ఎక్కడ?

హద్దు అసలు ఎందుకో ముందు చెప్పాలి. ఇంగ్లండ్‌లో బరీ అని ఒక క్లబ్బు. 1885లో పుట్టింది, 1900లో, 1903లో ఎఫ్ఏ కప్ గెలిచింది. డబ్బు లెక్కలు చెప్పలేకపోయి 2019 ఆగస్టులో లీగ్ నుంచి బహిష్కరణకి గురైంది. నూట ముప్ఫై నాలుగేళ్ళ క్లబ్బు, ఒక్క సాయంత్రంతో సరి. మనం అంత దూరం వెళ్ళక్కర్లేదు కూడా. 2022 మార్చిలో గోవాలో ఐఎస్ఎల్ కప్పు ఎత్తిన హైదరాబాద్ ఎఫ్‌సీ గుర్తుందా? తర్వాత జీతాల బకాయిలు, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోవడం, చివరికి 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోవడం. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు చొక్కాలతో అరిచినవాళ్ళకి అప్పు చేసి పప్పు కూడు అన్న సామెత విడమరిచి చెప్పనక్కర్లేదు. యజమాని పోతే ఇంకో వ్యాపారం పెట్టుకుంటాడు, అభిమాని ఇంకో ఊరు ఎక్కడ తెచ్చుకుంటాడు?

అందుకని ప్రీమియర్ లీగ్ పెట్టిన రూలు ఇది: మూడేళ్ళు కలిపి నష్టం 105 మిలియన్ పౌండ్లు దాటకూడదు. సగటున ఏడాదికి 35. అందులోనూ 15కి మించిన నష్టాన్ని యజమాని సొంత డబ్బుతో పూడుస్తానని హామీ ఇవ్వాలి. అకాడమీ మీద, మహిళల జట్టు మీద, స్టేడియం కట్టడం మీద పెట్టిన ఖర్చు ఈ లెక్కలోకి రాదు. కింది డివిజన్‌లో ఉన్న ఏడాదికి హద్దు 35 కాదు, 13 మాత్రమే. ఇక్కడ "నష్టం" అన్నది లాభనష్టాల పుస్తకంలోని నష్టం. గల్లాపెట్టె ఖాళీయా నిండా అని ఎవరూ అడగరు. చెల్సీకి ఎలా సరిపోయింది అన్న మొదటి ప్రశ్నకి సగం జవాబు ఇదే.

ఎవర్టన్ 2022 వేసవితో ముగిసిన లెక్కలో 124.5 నష్టం చూపింది. 19.5 ఎక్కువ. 2023 నవంబరులో పది పాయింట్లు కోశారు, అప్పీలు చేస్తే ఆరుకి తగ్గించారు, మరుసటి ఏడాది లెక్కకి ఏప్రిల్‌లో ఇంకో రెండు కోశారు. ఇది సూటి కేసు.

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కేసు అంత సూటిగా లేదు. దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

ఫారెస్ట్ 2022లో పైకి వచ్చింది. కాబట్టి 2023 జూన్ 30 నాటి దాని హద్దు 13, 13, 35 కలిపి 61. వచ్చిన నష్టం 95.5. దాటింది 34.5. వాళ్ళ దగ్గర బ్రెనన్ జాన్సన్ అని ఒక కుర్రాడున్నాడు. నాటింగ్‌హామ్‌లోనే పుట్టాడు, ఎనిమిదేళ్ళ వయసు నుంచి ఆ అకాడమీలోనే ఆడాడు, వాళ్ళ నాన్న కూడా ఆ క్లబ్బుకి ఆడినవాడే. జూన్‌లో అతని కోసం బేరాలు వచ్చాయి, తక్కువ అని ఫారెస్ట్ ఒప్పుకోలేదు. సెప్టెంబరు 1న టాటెన్‌హామ్‌కి దాదాపు 47.5 మిలియన్లకి అమ్మింది.

ఇప్పుడు తీసివేత చేయండి. అకాడమీ కుర్రాడు కాబట్టి పుస్తకంలో అతని విలువ సున్నా. 47.5 మొత్తం లాభమే. 95.5లోంచి 47.5 పోతే 48. హద్దు 61. అదే ధరకి జూన్ 30 లోపు అమ్మి ఉంటే ఫారెస్ట్ నేరమే చేయనట్టు! రెండు నెలల తేడాకి నాలుగు పాయింట్లు పోయాయి. ఆగితే మంచి ధర వస్తుందని ఆగాం, క్లబ్బుకి మంచిదే కదా చేసింది అని వాళ్ళు వాదించారు. కమిషన్ వినలేదు. తేదీ అంటే తేదీ. మనకి 75 శాతం హాజరు రూలు ఉంది చూడండి, అలాంటిదే. ఆఖరి రోజుకి 74.2 ఉంటే, "సార్, వచ్చే నెల రోజూ వస్తాను" అన్నదానికి విలువ లేదు.

చట్టం ప్రకారం కమిషన్ చేసింది సరైనదే అని నా అభిప్రాయం. గడువు మీరినవాడికి మినహాయింపు ఇస్తే, గడువులోపు తన ఆటగాణ్ణి అమ్ముకున్నవాడు వెర్రివాడవుతాడు. కానీ రూలు క్లబ్బుకి ఏం నేర్పుతోందో కూడా చూడాలి. తక్కువ ధరైనా పర్లేదు, తొందరగా అమ్మెయ్ అని నేర్పుతోంది. అవతలివాడికి మన తొందర తెలిశాక బేరం ఎలా ఉంటుందో, రైతుబజారులో రాత్రి మూసే వేళకి టమాటాలు మిగిలినవాళ్ళని అడిగితే చెబుతారు.

దీనికంటే నన్ను బాధపెట్టేది ఆ సున్నా. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఇక్కడ పెరటి చెట్టే నరికి అమ్మడానికి అన్నిటికంటే లాభం. 60 మిలియన్లకి కొన్న ఆటగాణ్ణి 60కి అమ్మితే పుస్తకంలో కొంతే లాభం. సొంత ఊరి కుర్రాణ్ణి 60కి అమ్మితే 60 లాభం. చెల్సీ 2023లో మేసన్ మౌంట్‌ని మాంచెస్టర్ యునైటెడ్‌కి, మరుసటి ఏడాది కానర్ గాలగర్‌ని అట్లెటికోకి ఇచ్చింది. ఇద్దరూ చిన్నప్పటి నుంచి చెల్సీ అకాడమీ పిల్లలే.

2024 జూన్ ఆఖరి వారం అయితే తిరునాళ్ళే. న్యూకాజిల్ తన అకాడమీలో ఎనిమిదేళ్ళప్పటి నుంచి పెరిగిన ఎలియట్ ఆండర్సన్‌ని ఫారెస్ట్‌కి 35 మిలియన్లకి అమ్మింది, అటు నుంచి గోల్‌కీపర్ వ్లాకోదిమోస్‌ని 20కి తెచ్చుకుంది. ఆ గోల్‌కీపర్ ఆ సీజన్ మొత్తంలో న్యూకాజిల్‌కి ఆడింది ఒక్క మ్యాచ్. ఆండర్సన్‌ని ఇష్టపడి అమ్మలేదని కోచ్ ఎడీ హౌ తర్వాత బాహాటంగానే అన్నాడు. అదే వారం ఆస్టన్ విల్లా చెల్సీ నుంచి ఇయాన్ మాట్సెన్‌ని 37.5కి కొంది, చెల్సీ విల్లా నుంచి ఒమరి కెల్లీమన్ అనే 18 ఏళ్ళ కుర్రాణ్ణి 19కి కొంది. విల్లా పెద్ద జట్టుకి అతను ఆడింది పది మ్యాచ్‌లు కూడా లేవు. విల్లా పుస్తకం చూడండి: కెల్లీమన్ మీద వచ్చే దాదాపు 19 లాభం ఈ ఏడాదే. మాట్సెన్ ఖర్చు ఐదేళ్ళకి పంచితే ఏడాదికి 7.5. నగదులో విల్లా జేబులోంచి 18.5 పోయింది, పుస్తకంలో మాత్రం ఆ ఏడాదికి పరిస్థితి మెరుగుపడింది! ఇందులో రూలు తప్పినవాళ్ళు ఎవరూ లేరు. ప్రోగ్రామ్ రాయమంటే, కనిపించే టెస్ట్ కేసులకి మాత్రమే సరైన జవాబు వచ్చేలా రాసి పూర్తి మార్కులు కొట్టేవాళ్ళు మన ల్యాబ్‌లోనూ ఉన్నారు కదా. ప్రోగ్రామ్ పాస్, లెక్క మాత్రం తప్పు.

చెల్సీ ఇంకో మెట్టు ఎక్కింది. స్టేడియం పక్కనున్న రెండు హోటళ్ళని తన యజమానులదే అయిన ఇంకో కంపెనీకి 76.5 మిలియన్లకి అమ్మింది. ఆ తర్వాత మహిళల జట్టుని కూడా అలాగే దాదాపు 200 మిలియన్లకి అమ్మింది. కుడి జేబులోది ఎడమ జేబులోకి, మధ్యలో లాభం. ప్రీమియర్ లీగ్ రూలులో దీనికి అడ్డు లేదు. యుయెఫా మాత్రం ఇలాంటి అమ్మకాలని లెక్కలోకి తీసుకోదు. 2025 జులైలో చెల్సీకి 31 మిలియన్ యూరోల జరిమానా వేసింది.

స్పెయిన్ దారి వేరు. ఇంగ్లండ్‌లో ఏడాది గడిచాక లెక్క చూసి శిక్ష వేస్తారు. స్పెయిన్‌లో లా లిగా ముందే ప్రతి క్లబ్బుకి జట్టు ఖర్చు ఇంత అని గీత గీస్తుంది. గీత దాటితే ఆటగాడి పేరే నమోదు కాదు. మన భాషలో చెప్పాలంటే ఇంగ్లండ్‌ది రన్‌టైమ్ ఎర్రర్, స్పెయిన్‌ది కంపైల్ ఎర్రర్. 2021 ఆగస్టులో మెస్సీ బార్సిలోనా వదిలింది దీనివల్లే. క్లబ్బు ఉంచుకోవాలనుకుంది, అతను ఉండాలనుకున్నాడు, గీత ఒప్పుకోలేదు. ఇది క్రూరంగా కనిపిస్తుంది. నాకైతే ఇదే నయమనిపిస్తుంది. ఫారెస్ట్ అభిమాని 2023 ఆగస్టు నుంచి 2024 మార్చి దాకా తన జట్టుకి నిజంగా ఎన్ని పాయింట్లున్నాయో తెలియకుండానే మ్యాచ్‌లు చూశాడు.

ఇప్పుడు ఇంగ్లండ్ కూడా మారుతోంది. జట్టు మీద పెట్టే ఖర్చు, అంటే జీతాలు, ఏజెంట్ల రుసుములు, పంచి రాసిన ట్రాన్స్‌ఫర్ ధరలు, అన్నీ కలిపి ఆదాయంలో ఇంత శాతం దాటకూడదు అన్నది కొత్త పద్ధతి. యుయెఫా దీన్ని 90తో మొదలుపెట్టి, 80కి దించి, 2025-26 నుంచి 70 చేసింది. ప్రీమియర్ లీగ్ క్లబ్బులు 2025 నవంబరులో ఓటు వేసి, 2026-27 నుంచి 85 శాతం అనుకున్నాయి. ఉగాది రోజు పంతులుగారు రాశి చెప్పి ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని చదువుతారే, దాదాపు అదే. కాకపోతే ఇక్కడ ఆదాయం ఎక్కువున్నవాడికి వ్యయం చేసే హక్కూ ఎక్కువ. పెద్ద స్టేడియం, పెద్ద స్పాన్సర్ ఉన్న క్లబ్బు 85 శాతానికీ, చిన్న క్లబ్బు 85 శాతానికీ ఉన్న దూరం ఏ రూలూ తగ్గించదు.

ఆటగాళ్ళ అమ్మకాల లాభాన్ని కొత్త లెక్కలో మూడేళ్ళ సగటుగా తీసుకుంటారు. అంటే జూన్ 30 రాత్రి ఒక్క అమ్మకంతో గట్టెక్కడం మునుపటంత తేలిక కాదు, ఆ వారపు తిరునాళ్ళు కాస్త పలచబడచ్చు. అకాడమీ కుర్రాడి పుస్తకం విలువ మాత్రం ఈ కొత్త లెక్కలోనూ సున్నాయే. ఎలియట్ ఆండర్సన్ 2025 సెప్టెంబరులో ఇంగ్లండ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు. స్కోర్‌కార్డులో అతని పేరు పక్కన క్లబ్బు నాటింగ్‌హామ్ ఫారెస్ట్ అని ఉంది.